క్రొత్తగా గిటారు నేర్చుకొనువారు పెడళ్లను ఎన్నుకొను విధము

గత సంవత్సరము వార్షికోత్సవము ముగిసిన మఱునాడు, మా పాఠశాలలో పదవ తరగతి చదువుచుండిన బాలు డొకడు తన గిటారును గుడ్డసంచిలో చుట్టి తెచ్చి నా బల్లపై నుంచి, "మాస్టారూ, దీనిని మీరే ఉంచుకొనుడు. నా వ్రేళ్లకు సంగీతము రాదు" అని చెప్పెను. ముందటి సాయంకాలము వేదికపై నతడు వాయించినప్పుడు పాటకంటె హోరు బిగ్గరగా వినబడుటయు, వెనుక వరుసలలోనివారు నవ్వుటయు నేను చూచితిని. ఆ హోరునకు కారణము అతని వ్రేళ్లు కావు. అతని పాదములచెంత నుండిన చిన్న పెట్టెయు, దానికి తగిలించిన అడాప్టరును. ఆ పెట్టెను కొనవచ్చునని అతని తండ్రికి సలహా యిచ్చినవాడను నేనే. ఆయన రైసుమిల్లులో పనిచేయును. రెండు నెలలు కూడబెట్టిన సొమ్ముతో దానిని కొనెను. చక్కగా విచారింపక నేను చెప్పిన ఒక్క మాటవలన తండ్రి సొమ్మును, కుమారుని ధైర్యమును గూడ నష్టమగు స్థితి వచ్చినది. ఆ ఋణమును కొంతవఱకైన తీర్చుకొనవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను. గిటారు నేర్చుకొను బాలబాలికలును, వారికొఱకు సొమ్ము వెచ్చించు తలిదండ్రులును దీనిని ఓపికతో చదువుదురుగాక.

పెడలనగా నేమి?

ఎలెక్ట్రిక్ గిటారు తంతులు ఉక్కుతో చేయబడును. వానిక్రింద అయస్కాంతములును, వానిచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగెయు నుండును. దీనికి పికప్ అని పేరు. తంతి కదలినప్పుడు అయస్కాంతక్షేత్రము మాఱి, రాగితీగెలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇది 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమే. పై తరగతులవారు దీనిని భౌతికశాస్త్రములో చదువుచున్నారు. ఈ స్వల్పవిద్యుత్తు తీగెవెంట నడచి ఆంప్లిఫయరును చేరి, అచ్చట బలము పొంది, స్పీకరుద్వారా ధ్వనిగా వెలువడును. గిటారునకును ఆంప్లిఫయరునకును నడుమ, త్రోవలో నిలిచి, ఆ విద్యుత్తుయొక్క ఆకారమును మార్చు చిన్న పెట్టెయే పెడల్. చేతులు రెండును వాయించుటలో నుండును గనుక, దీనిని పాదముతో నొక్కి పనిచేయించుటయు మాన్పుటయు జరుగును. అందుచేతనే దీని కా పేరు వచ్చినది.

దీనినిబట్టి మొదటి హెచ్చరిక తేలుచున్నది. మన యిండ్లలో తఱచుగా కనబడు అకౌస్టిక్ గిటారునకు పికప్ లేనియెడల, దానికి పెడలును తగిలించుటకే వీలులేదు. ఈ సంగతి తెలియక పెడల్ కొని, దానిని చేతబట్టుకొని నాయొద్దకు వచ్చినవా రిద్దఱు కలరు. కావున కొనుటకు ముందు మీ గిటారు ప్రక్కన తీగె తగిలించు రంధ్రము కలదో లేదో చూచుకొనవలెను. ఆంప్లిఫయరు కూడ నుండవలెను. అనేక చిన్న ఆంప్లిఫయరులలో స్వరమును కరకుచేయు మీటయు, మార్మోత నిచ్చు మీటయు ముందే యమర్చబడి యుండును. ఇంటనున్న దానిని మఱల బజారులో కొనుట వివేకము గాదు.

లోపమునుండి పుట్టిన విద్య

పెడళ్ల చరిత్ర వినదగినది. అమెరికాలోని నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ అను గాయకుని పాట నొకదానిని ముద్రించుచుండగా, స్వరములను కలుపు యంత్రములో నొక భాగము చెడిపోయెను. దానిగుండ వచ్చుచుండిన గ్రేడీ మార్టిన్ వాద్యస్వరము చినిగిన గుడ్డవలె బొంగురుపోయెను. వారు దానిని పాఱవేయక అట్లే యుంచిరి. 1961లో ఆ పాట వెలువడగా జనులు ఆ బొంగురుస్వరమునే మెచ్చుకొనిరి. ఆ శబ్దమును ముద్రించిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ, అట్టి స్వరమునే బుద్ధిపూర్వకముగా పుట్టించు చిన్న విద్యుద్యంత్రమును కల్పించెను. గిబ్సన్ కంపెనీవారు దానిని 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ అను పేరుతో విక్రయించిరి. మూడేండ్లపాటు దానిని గుఱించి విశేషముగా పట్టించుకొన్నవారు లేరు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందమునందలి కీత్ రిచర్డ్స్ ఒక ప్రసిద్ధగీతములో దానిని వాడినపిమ్మట అందఱకును అదియే కావలసివచ్చెను.

1966లో థామస్ ఆర్గన్ కంపెనీయందు బ్రాడ్ ప్లంకెట్ అను యువ ఇంజనీరు వా-వా పెడలును కనుగొనెను. 1968లో న్యూయార్కునగరమున మైక్ మాథ్యూస్ ఎలెక్ట్రో-హార్మోనిక్స్ అను సంస్థను స్థాపించెను. 1976లో జపానుదేశమునందలి బాస్ సంస్థవారు కోరస్ పెడలును తెచ్చిరి. మఱుసటి సంవత్సరమునుండి అఱచేతి ప్రమాణముగల చిన్న పెడళ్లను చేయసాగిరి. నేడు బజారులో కనబడు వందలకొలది పెడళ్లలో నధికభాగము ఈ మూలములనుండి శాఖలుగా వచ్చినవే. కావున పేళ్లను చూచి భయపడ నక్కఱలేదు. కుటుంబములను తెలిసికొనిన చాలును.

నాలుగు కుటుంబములు

మొదటిది స్వరమును కరకుచేయు కుటుంబము. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అనునవి దీనిలోనివి. విద్యుత్తరంగము కొండవలె లేచి లోయవలె దిగుచుండును. ఈ పెడల్ ఆ శిఖరములను కోసివేసి చదునుచేయును. అట్లు కోసినప్పుడు అసలు స్వరములో లేని క్రొత్త స్వరములు పుట్టును. సెకండునకు 110 కంపనములుగల తంతిని మీటినయెడల, దానికి మూడురెట్లగు 330, అయిదురెట్లగు 550 మొదలగు కంపనములు బలముగా వినబడును. శిఖరమును కొంచెము మృదువుగా కోసిన ఓవర్‌డ్రైవ్. గట్టిగా కోసిన డిస్టార్షన్. దాదాపు గోడవలె నిలువుగా కోసిన ఫజ్.

ఇచ్చట నేర్చుకొనువారు మోసపోవు సంగతి యొకటి కలదు. డిస్టార్షనులో షడ్జమును పంచమమును మాత్రము కలిపి వాయించిన స్వరము బలముగాను నిండుగాను నుండును. గాంధారమును గూడ చేర్చి పూర్ణముగా వాయించిన, అదే మురికినీటివలె కలగిపోవును. కారణమేమనగా, రెండు స్వరములను ఒకేసారి కోసినప్పుడు వాని కంపనముల భేదమును స్వరముగా వినబడును. 110కిని 165కిని భేదము 55; ఇది అదే షడ్జముయొక్క క్రిందిస్థాయి గనుక పొందికగా నుండును. గాంధారము చేరినప్పుడు పొందికలేని భేదములు పుట్టి ఒకదానితో నొకటి పోరాడును. కావున పాఠపుస్తకములోని శ్రుతికూటములను డిస్టార్షనులో వాయించి, చెడుగా వినబడగానే "నా వ్రేళ్లదే తప్పు" అనుకొనరాదు.

రెండవది స్వరముయొక్క బలమును, వర్ణమును దిద్దు కుటుంబము. కంప్రెసర్ బిగ్గరస్వరమును తగ్గించి మెల్లనిస్వరమును పైకి తెచ్చును. ఈక్వలైజర్ మంద్రతారములను వేఱువేఱుగా హెచ్చించును, తగ్గించును. వా-వా పెడల్ పాదము కదలినకొలది తరంగములలో నొక భాగమును మాత్రము ఎత్తి చూపుచు పోవును; మనము నోరు ముడిచి తెఱచుచు "వా" అనినప్పుడు జరుగునదియు నిట్టిదే.

మూడవది స్వరమును కదలించు కుటుంబము. కోరస్, ఫేజర్, ఫ్లాంజర్, ట్రెమొలో అనునవి దీనిలో చేరును. కోరస్ అనగా గాయకబృందము. పదుగురు కలసి పాడునప్పుడు ఒకని స్వరము రవంత ముందు, ఒకనిది రవంత వెనుక, ఒకనిది వెండ్రుకవాసి హెచ్చుగ నుండును గదా. ఆ భేదములవలననే బృందగానమునకు నిండుదనము కలుగును. పెడల్ మన స్వరమునకు నకలు తీసి, దానిని సెకండులో యాభయ్యవవంతు ప్రాంతమున ఆలస్యముచేసి, ఆ యాలస్యమును మెల్లగా మార్చుచు అసలుతో కలుపును. ఒక్కడు వాయించినను ఇద్దఱు వాయించినట్లుండును.

నాలుగవది ప్రతిధ్వని కుటుంబము. డిలే అనునది స్వరమును కొంతసేపటికి మఱల వినిపించును. రివర్బ్ విశాలమైన మందిరములో నిలిచి వాయించినట్లు మార్మోత నిచ్చును. పూర్వము దీనికి అయస్కాంతపు టేపును, ఉక్కుస్ప్రింగులను వాడుచుండిరి. 1969లో ఫిలిప్స్ సంస్థవారి ప్రయోగశాలలో శాంగ్‌స్టర్, టీర్ అను నిరువురు శాస్త్రజ్ఞులు చక్కని యుపాయమును కనుగొనిరి. ఇల్లు కాలునప్పుడు జనులు వరుసగా నిలిచి చెఱువునుండి బిందెలను చేతులు మార్చి అందించుదురు గదా. అట్లే విద్యుత్తును ఒక చిన్న గదినుండి తరువాతిదానికి అందించుచు పోయిన, చివరకు చేరుసరికి కొంత యాలస్యమగును. ఆ యాలస్యమే ప్రతిధ్వని. నేటి పెడళ్లలో పెక్కింట స్వరమును అంకెలుగా మార్చి నిలువచేయుదురు.

డిలే పెడలును సరిచేయుటకు గణితము కావలెను. నిమిషమునకు 60,000 మిల్లీసెకండులు. పాటలో నిమిషమునకు 80 దెబ్బలున్నయెడల, 60,000ను 80చే భాగింపగా 750 వచ్చును. ఆలస్యమును 750 మిల్లీసెకండులకు త్రిప్పిన, ప్రతిధ్వని సరిగా తాళముపై పడును. 120 దెబ్బలైన 500. ఈ చిన్న లెక్క తెలియక పోయిన, వాద్యమును ప్రతిధ్వనియు చెఱియొక దారిని పోవును.

ముందు దేనిని కొనవలెను?

నేను నిశ్చయముగా చెప్పగలిగినది: ముందు శ్రుతి. శ్రుతి చెడిన గిటారునకు ఎంత వెలగల పెడలును తగిలించినను, చెడుశ్రుతియే పెద్దదై వినబడును. ట్యూనర్ పెడల్ మంచిదే. అది శ్రుతి చేయునంతసేపు ధ్వనిని ఆపివేయును గనుక సభలో వాయించువారికి మిక్కిలి యుపయోగము. అయినను ఇంట నేర్చుకొనువారికి గిటారుతలకు తగిలించు క్లిప్ ట్యూనర్ చాలును. అది గాలిలోని శబ్దమునుగాక కొయ్యయొక్క కంపనమును గ్రహించును. కావున చుట్టుప్రక్కల సందడియున్నను పనిచేయును. దాని వెలయు స్వల్పము.

తరువాత, మీరు వాయింపగోరు పాట లెట్టివో ఆలోచింపవలెను. కరకుస్వరము కావలసినవారు ఓవర్‌డ్రైవును కొనవచ్చును. దాని మీటను తగ్గించిన స్వచ్ఛముగాను, హెచ్చించిన కరకుగాను నుండును. వ్రేళ్లతో మెల్లగా మీటినను గట్టిగా మీటినను భేదము చూపును. డిస్టార్షన్, ఫజ్ లందు ఆ భేదము చాలవఱకు అణగిపోవును. కావున నేర్చుకొనువాని చేతికి ఓవర్‌డ్రైవే మంచి గురువు. మెల్లని పాటలను, ఆరాధనగీతములను వాయించువారికి దానికంటె రివర్బ్ గాని డిలే గాని అధికముగా తోడ్పడును. మొదటి సంవత్సరము ఒక్కటి చాలును. దానిలోని మీటలన్నిటి పనిని చక్కగా తెలిసికొనినపిమ్మటనే రెండవదానిని గుఱించి తలపవలెను.

అనేక స్వరభేదములను ఒకే పెట్టెలో నమర్చిన యంత్రములును కలవు. తమకేది యిష్టమో యింకను తెలియనివారికి ఇవి లాభకరములు. నాలుగు విడి పెడళ్ల వెలకంటె తఱచుగా చౌకయు. చెవికి తగిలించుకొని ఇరుగుపొరుగువారికి బాధ కలుగకుండ సాధకము చేయుటకును వీలుండును. ఒక్కటే ప్రమాదము: సాయంకాలమంతయు మీటలు త్రిప్పుటతోనే గడచి, పాట ముట్టకయే నిద్రవేళ యగును. అట్టిదానిని కొనువారు మూడు స్వరముల నేర్పఱచుకొని, నెలదినములవఱకు నాలుగవదానిని ముట్టనని నియమము పెట్టుకొనుట మేలు.

అంగడిలో పరీక్షించు విధము

వీలైనంతవఱకు మీ గిటారును మీరే తీసికొనిపోవుడు. అంగడివాని మేలైన గిటారుపై విన్న స్వరము ఇంటికి రాదు. మీకు బాగుగా వచ్చిన పాట నొకదానిని ముందు పెడల్ లేకయు, పిమ్మట పెడలుతోను వాయించుడు. ఇచ్చట ముఖ్యమైన సంగతి: బిగ్గరగా నున్నది మేలుగా నున్నట్లు చెవికి తోచును. అందుచేత, పెడల్ పనిచేయునప్పుడును చేయనప్పుడును ధ్వని సమానముగా నుండునట్లు దాని బలపుమీటను సరిచేసిన తరువాతనే గుణమును నిర్ణయింపవలెను. వాడిన పెడలును తక్కువ వెలకు కొనుటలో దోషము లేదు. ఇవి గట్టి వస్తువులు. కాని మీటలు త్రిప్పునప్పుడు గరగరలాడునేమో, తీగె తగిలించుచోట వదులుగ నున్నదేమో, పాదపుమీట ప్రతిసారియు పనిచేయుచున్నదో లేదో చూడవలెను.

విద్యుత్తు, తీగెలు, వరుస

ఇక నేను పొరపాటు చేసిన విషయమునకు వచ్చెదను. ఆ బాలుని తండ్రితో పెడలును గుఱించి చెప్పితిని గాని, దానికి విద్యుత్తు ఎట్లు కావలెనో చెప్పనైతిని. ఆయన యింటనున్న పాత అడాప్టరు నొకదానిని తగిలించెను.

పెడళ్లలో నధికభాగమునకు 9 వోల్టుల ఏకముఖవిద్యుత్తు కావలెను. వాని తగులుచోట నడిమి మొన ఋణముగ నుండును. కొన్నింటికి భేదము కలదు గనుక, పెడలుపై వ్రాసిన గుఱుతును చదివి తీఱవలెను. వోల్టులు హెచ్చినను, ధన ఋణములు తారుమారైనను పెడల్ చెడిపోవచ్చును. మిల్లీ ఆంపియరులు మాత్రము కావలసినదానికంటె హెచ్చుగ నున్నను భయము లేదు, తక్కువ పనికిరాదు. ట్యూనరునకు 30, ఓవర్‌డ్రైవునకు 10, డిలేకు 65 కావలసియున్న, మొత్తము 105; 200 ఇచ్చు అడాప్టరు వానికి చాలును.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకండునకు 100 మార్లు దిశ మార్చుకొనును. అడాప్టరు దానిని పూర్తిగా చదునుచేయనియెడల 100 కంపనములుగల హోరు మిగిలిపోవును. ఈ హోరు పెడలులో ప్రవేశించి, డిస్టార్షనుచే అనేకరెట్లు పెరుగును. ఆ రాత్రి వేదికపై మేము విన్నది ఇదియే. సంగీతపరికరములకై చేసిన అడాప్టరునే కొనుడు. పెడళ్లు రెండుమూడైనప్పుడు, ఒక్కొక్కదానికి వేఱువేఱుగా విద్యుత్తు నందించునది మంచిది. బ్యాటరీ వాడువారు, వాయించుట ముగియగానే పెడలులో గిటారునుండి వచ్చు తీగెను తీసివేయవలెను. తీగె తగిలియున్నంతసేపు, పాదపుమీట నొక్కకున్నను, బ్యాటరీ తఱిగిపోవుచునే యుండును. ఆంప్లిఫయరును మాత్రము ఎవ్వరును విప్పి చూడరాదు. ఆపివేసినతరువాతను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. నేలకు కలుపు మూడవ మొనను విఱిచివేయుట మఱింత అపాయము.

తీగెలు గట్టివై యుండవలెను. మిక్కిలి పొడవైన తీగెలో తారస్వరముల స్వచ్ఛత క్రమముగా తగ్గును. ఇంటికి మూడు నాలుగు మీటర్లది చాలును. పెడళ్ల వరుస సాధారణముగా ఇట్లుండును: గిటారు, ట్యూనర్, వా-వా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే, రివర్బ్, ఆంప్లిఫయరు. ప్రతిధ్వనిని ముందుపెట్టి ఓవర్‌డ్రైవును వెనుకపెట్టినయెడల, పాటయు దాని ప్రతిధ్వనులును కలిసి నలిగిపోవును. ముందు మాట, పిమ్మట మార్మోత అని జ్ఞాపకముంచుకొనిన చాలును. ఇది శాసనము గాదు. కాని శాసనమును దాటగోరువాడు దానిని ముందు తెలిసికొనవలెను గదా.

ముగింపు

ఆ యుదయము నేను గిటారును పుచ్చుకొనలేదు. బాలుని సంగీతపుగదికి తీసికొనిపోయి, అడాప్టరును తీసివేసి, క్రొత్త బ్యాటరీని పెట్టి, ఆఱు తంతులను శ్రుతిచేసి, పెడలుమీటను సగమునకు తగ్గించి, ఆ పాటనే వాయింపుమంటిని. హోరు లేదు. పాట వినబడినది. రెండుచోట్ల తాళము తప్పెను. అది సాధకముతో పోవు తప్పు. అతడు చాలసేపు మాటలాడక, పిమ్మట "మాస్టారూ, తప్పు నాదే యనుకొంటిని" అనెను. "తప్పులో పెద్దపాలు నాది" అని నేను చెప్పితిని. ఆ సాయంకాలమే వారి యింటికి పోయి తండ్రితోను ఆ మాటయే చెప్పితిని. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. గడపయొద్ద కూర్చుండి కుమారుడు వాయించుట విని, "ఇప్పుడు పాట వినబడుచున్నదండీ, మాస్టారుగారూ" అని మాత్రము అనెను.

తలిదండ్రులకు నా మనవి యిది: మీ బిడ్డ వాద్యమును విడిచిపెట్టెద ననినప్పుడు, దోషము బిడ్డలో నున్నదో పనిముట్టులో నున్నదో ముందు విచారింపుడు. బాలబాలికలారా, మీకు నా మాట యిది: పెడల్ మీ స్వరమును మార్చగలదు గాని, లేని స్వరమును పుట్టింపజాలదు. తంతిని శ్రుతిచేసికొని, పెడల్ లేకయే ఒక పాటను మొదటినుండి చివరవఱకు తప్పులేకుండ వాయించినదినమున, మీకు కావలసిన పెడలేదో మీ చెవియే చెప్పును.